ఆసుపత్రి షేర్లు, అత్తయ్య మోకాళ్ళు

వీధిలో ఆమెను డీలరమ్మ అంటారు. దేనికి డీలరో మాత్రం చాలామందికి తెలియదు. ఆఫీసు టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉంది కాబట్టి టైర్లకేనేమో అనుకుని, స్కూటరు టైరు అరిగినప్పుడల్లా వచ్చి ఇంటి తలుపు తట్టినవాళ్ళున్నారు. అసలు ఆమె చేసే పని వేరు. షేర్లు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఫోన్ చేస్తారు. వాళ్ళు చెప్పిన మాట వాళ్ళకే తిరిగి అప్పజెప్పి, అవునంటే కంప్యూటర్లో కొట్టాలి. అంతే. "ఫలానా కంపెనీ, ఇన్ని షేర్లు, ఈ ధరకి కొనమంటున్నారు. ఖాయమేనా?" అని రోజంతా అడిగీ అడిగీ, రాత్రి భోజనాల దగ్గర కూడా "ఇంకో గరిటె కూర, ఖాయమేనా?" అంటుందని మొగుడు ఏడిపిస్తుంటాడు.

ఆ ఉద్యోగంలో గట్టి నియమం ఒకటుంది. సలహా ఇవ్వకూడదు. ఆ ఫోన్లో దగ్గినా తుమ్మినా రికార్డవుతుంది. అవతలివాడు కళ్ళెదుటే గోతిలోకి దిగుతుంటే "దిగుతానంటున్నారు, ఖాయమేనా?" అని అడగాలే తప్ప, "అయ్యో బాబూ, అక్కడ గొయ్యి" అనకూడదు. సలహాలివ్వడానికి వేరే మనుషులున్నారు, వాళ్ళకి వేరే జీతాలు, కూర్చోవడానికి గాజు గదులు. ఈమెది రెండో బల్ల, రెండో ఫోన్ లైను. ఏళ్ళ తరబడి ఆ తెర ముందు కూర్చున్నాక ఏ షేరు ఎందుకు లేస్తుందో, ఎందుకు పడుతుందో ఎంతో కొంత అంతుపట్టకుండా ఉండదు. తెలిసీ నోరు కుట్టేసుకుని కూర్చోవడం ఎంత నరకమో ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకే తెలియాలి.

ఆ ఏడు జబ్బు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తలుపులు బిగించుకున్నాయి. ఆఫీసువాళ్ళు ఆమె కంప్యూటర్నీ, రికార్డయ్యే ఫోన్నీ అట్టపెట్టెల్లో పెట్టి ఇంటికి పంపేశారు. పడకగదిలో కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల వేసుకుని అక్కడే దుకాణం తెరిచింది. ఇస్త్రీకి నోచుకోని బట్టలన్నీ మంచం మీదకు చేరాయి.

మొదటి వారాల్లో తెర నిండా పడిపోయే ధరలే. ముందు విమానాల కంపెనీలు కూలాయి. వాటితోపాటే హోటళ్ళు, సినిమా హాళ్ళు. ఆ వెనకే బ్యాంకులు, ఎందుకంటే అప్పు చేసి దుకాణం పెట్టినవాడు దుకాణమే మూసుకుంటే వాయిదాలు ఎవడు కడతాడు? కంప్యూటర్ల కంపెనీలు గుంపుతోపాటు తామూ పడి, జనమంతా ఇళ్ళలో కూర్చుని పని చేస్తున్నారని తెలియగానే దుమ్ము దులుపుకుని లేచాయి. సబ్బులవాళ్ళూ బిస్కెట్లవాళ్ళూ కాస్త తడబడి, ఆనక నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోయారు. మందుల కంపెనీలకైతే పట్టపగ్గాల్లేవు. ఒక పళ్ళ డాక్టరుగారు రోజూ ఫోన్ చేసి విమానాల షేర్లు కొనేవాడు. "ఇంతకంటే ఏం పడతాయి మేడమ్?" అనేవాడు. అవి ఇంకా పడేవి. "ఇంతకంటే ఏం పడతాయి?" అని మర్నాడు మళ్ళీ. ఆమె పళ్ళు నూరుకుని "ఖాయమేనా?" అనేది.

ఇంట్లో మొగుడితోనైనా చెప్పుకుందామంటే అక్కడా అదే తంతు. అతను ఒక పెద్ద హోటల్లో విందుల హాలు మేనేజరు. హోటళ్ళ షేర్లు మొదటిరోజు కూలినప్పుడే ఆమె చెప్పింది, "ఏమండీ, మీ ఓనరుగారిని కదిపి చూడండి, మీ ఉద్యోగాలకి ఎసరొచ్చేలా ఉంది" అని. "మా ఓనరు దేవుడే, షేర్లకీ మాకూ ఏంటి సంబంధం?" అన్నాడు. నెల తిరక్కుండానే ఆ దేవుడు హాలుకు తాళం వేసి, జీతం సగం చేసి, ఆ తర్వాత ఆ సగమూ ఆపేశాడు. ఇప్పుడతను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, అంతమందికి వండించిన చేతులివి అని నిట్టూరుస్తుంటాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. మిగిలేదేమీ లేదు.

ఇక అసలు సంగతి, అత్తయ్య మోకాళ్ళు.

అత్తయ్య ముప్పై ఏళ్ళు కాళ్ళతో తొక్కే కుట్టు మెషిను మీద బడి పిల్లల యూనిఫారాలు కుట్టింది. ఊళ్ళో సగంమంది పిల్లలు ఆవిడ కుట్టిన నిక్కర్లలోనే పెరిగారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. మంచం దిగాలంటే ముందు ఒక కాలు చేత్తో ఎత్తి కింద పెట్టుకుని, తర్వాత రెండోది పెట్టుకుని, అప్పుడు గోడ పట్టుకుని లేవాలి. రెండు మోకాళ్ళూ మార్చేస్తామని ఊళ్ళోని పెద్ద ఆసుపత్రి డాక్టరు తేదీ ఇచ్చాడు. దానికి సరిపడా సొమ్ము కుట్టు మెషిను సంపాదనలోంచే కూడింది, ఆవిడ పేరున ఉన్న షేర్ల ఖాతాలో ఉంది. ఆవిడ సంచి సర్దుకుంది, సంచిలో కొత్త చెప్పులు కూడా పెట్టుకుంది. రేపు వెళ్ళాలనగా ఆసుపత్రి నుంచి ఫోన్. అత్తయ్యే తీసి విని కోడలికి చెప్పింది. "ఆపరేషన్లన్నీ ఆపేశారటమ్మా. థియేటర్లు మూసేశారట. జ్వరాలవాళ్ళకే మంచాలట. మళ్ళీ ఎప్పుడో వాళ్ళే చెప్తారట." సంచి విప్పి చెప్పులు తీసి మంచం కిందకి తోసేసి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఖాతా అత్తయ్య పేరున ఉన్నా పెత్తనం మామగారిది. ఆయన తూనికల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కొట్టుకొట్టుకీ వెళ్ళి తూకంరాళ్ళు తీయించి, ఎవడు ఎంత కొట్టేస్తున్నాడో పట్టుకోవడం ఆయన పని. వీధిలో ఇప్పటికీ కాటాగారనే అంటారు. వ్యాపారుల మీద తనిఖీలు చేసేవాడి పేరున వ్యాపారుల షేర్లుంటే పైవాళ్ళు కళ్ళెర్రజేస్తారని అప్పట్లో ఖాతా భార్య పేరున తెరిచారు. అలా తెరిచినవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. డీలర్ల బల్లల దగ్గర వాటికి మొగుళ్ళ ఖాతాలని పేరు. ఫోన్ రాగానే భార్య తన పేరూ పుట్టినరోజూ చెప్తుంది. తర్వాత మొగుడు ఫోన్ లాక్కుని కొనమనేది, అమ్మమనేది చెప్తాడు. చివర్లో "ఖాయమేనా?" అన్నప్పుడు మళ్ళీ భార్య వచ్చి "అవును" అంటుంది. ఆ అవును రికార్డయితే చాలు. రూలు ప్రకారం మధ్యలో మాట్లాడేది కూడా భార్యే కావాలి. ఎవరూ పట్టించుకోరు, ఈమె కూడా ఏనాడూ పట్టించుకోలేదు.

ఆపరేషన్ ఆగిన వారానికి మామగారు వంటింటి గుమ్మంలో నిలబడి కోడలికి పాఠం మొదలెట్టారు.

"చూడమ్మాయ్, జనానికి జబ్బు చేస్తే ఎక్కడికి పోతారు? హోటలుకా? సినిమాకా? ఆసుపత్రికి! మంచాలు చాలక వరండాల్లో పడుకోబెడుతున్నారని టీవీలో చూపిస్తున్నాడు. ఏ కొట్లోనైనా సరుకు చాలనంత గిరాకీ ఉంటే కొట్టువాడి గల్లా నిండుతుందా, ఖాళీ అవుతుందా?"

ఇది రికార్డయ్యే ఫోన్ కాదు, వంటిల్లు. ఇక్కడ చెప్పొచ్చు. ఆమె పొయ్యి తగ్గించి ఆయనవైపు తిరిగింది.

"మావయ్య గారూ, మంచాలు నిండితే డబ్బు రాదండీ. పెద్దాసుపత్రులకి లాభం తెచ్చేది ముందుగా తేదీ రాసుకుని చేసే ఆపరేషన్లు. మోకాళ్ళూ, గుండెలూ, అలాంటివి. ఇప్పుడవన్నీ ఆపేశారు. జ్వరం మంచానికి ఇంతకు మించి వసూలు చేయొద్దని ప్రభుత్వం గీత గీసింది. పైగా డాక్టర్లూ నర్సులూ వేసుకునే తొడుగులకీ మాస్కులకీ ఖర్చు తడిసి మోపెడవుతోంది. వేరే ఎవరి సంగతో ఎందుకండీ, మన అత్తయ్య ఆపరేషనే ఆగిపోయింది కదా!"

"మీ అత్తయ్య మోకాళ్ళు ఆగితే అంత పెద్ద కంపెనీ కూలిపోతుందా?"

"ఒక్క అత్తయ్యవి కాదండీ, అందరివీ ఆగాయి."

"అమ్మాయ్, నువ్వు బటన్లు కొట్టేదానివి. చెప్పింది కొట్టు. ఊళ్ళో కాటాలన్నీ చూసొచ్చినవాణ్ణి, నాకు తూకం నేర్పకు."

పక్కనే ఉన్న అత్తయ్య మొగుడి మాట వింది, కోడలి మాటా వింది. కూరలో ఉప్పు వేశావా అని అడిగింది.

మర్నాడు పొద్దున షేర్ల బజారు తెరవగానే రెండో లైను మోగింది. మామగారు హాల్లో కుర్చీలో కూర్చుని ఫోన్ చేశారు. పడకగది తలుపు తెరిచే ఉంది. ఆయన గొంతు గుమ్మంలోంచి ఒకసారి, చెవిలోంచి ఇంకోసారి, రెండుసార్లు వినబడుతోంది. ముందు అత్తయ్య పేరూ పుట్టినరోజూ చెప్పింది. తర్వాత ఆయన అందుకున్నారు. ఖాతాలో ఉన్న సొమ్మంతా పెట్టి ఆ పెద్ద ఆసుపత్రి కంపెనీ షేర్లు కొనమన్నారు. ఏ ఆసుపత్రి భార్య ఆపరేషన్ ఆపేసిందో, సరిగ్గా ఆ ఆసుపత్రివే!

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. గుమ్మం దాటి వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కోవాలనిపించింది. అంత దూరం లేదు కూడా. కానీ ఈ ఫోన్లో తను కోడలు కాదు. చెప్పగలిగినదంతా ఒక్క మాటలోకి కుక్కి అడిగింది.

"అమ్మా, ఇది మీ ఖాతాలో ఉన్న మొత్తం సొమ్ము. మొత్తానికీ కొనమంటున్నారు. ఖాయమేనా?"

హాల్లోంచి అత్తయ్య గొంతు రెండుసార్లు వచ్చింది. "ఆయన చెప్పారుగా అమ్మా. అవును."

కొట్టేసింది. ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పళ్ళ డాక్టరు "ఇంతకంటే ఏం పడతాయి?" అంటే "ఏమో సార్!" అని విసుక్కుంది. అది కూడా రికార్డయింది.

ఆ షేరు ఒక్కరోజులో పడలేదు. తాపీగా, రోజూ కొంచెం కొంచెం, తడిగోడ పెచ్చులు రాలినట్టు రాలింది. కంపెనీ మూడు నెలల లెక్కలు బయటపెట్టినప్పుడు మాత్రం దబ్బుమంది. వరండాలు కూడా నిండిన ఆసుపత్రికి నష్టం! మామగారు టీవీ ముందు నిలబడి ఊగిపోయారు.

"ఇదంతా దొంగ తూకం! జనం చచ్చిపోతున్నారు, వీడికి నష్టమేంటి? మందులవాడికి లాభం, సబ్బులవాడికి లాభం, ఆసుపత్రివాడికి నష్టమా? ఎక్కడో బొటనవేలు నొక్కుతున్నారు!"

ఆనక కోడలివైపు తిరిగారు. "నీకు తెలుసుగా? తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ! వంటింట్లో చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను!"

"ఫోన్లో చెప్పలేదుగా?"

ఫోన్లో చెప్తే ఉద్యోగం పోతుంది, వంటింట్లో చెప్తే చెప్పినట్టు కాదు. ఇక ఎక్కడ చెప్పాలి, బాత్రూములోనా? మొగుడు ఉల్లిపాయల పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నాన్న ముఖం చూసి, వచ్చినదారినే వెనక్కి వెళ్ళిపోయాడు. అతని మీద కూడా ఒళ్ళు మండింది.

"మావయ్య గారూ, ఇంకొక్కసారి చెప్తాను," అంది గొంతు తగ్గించి. "ఆ మంచాల్లో లాభం లేదండీ. మోకాళ్ళలో ఉంది లాభం. అదిగో, ఆ మోకాళ్ళలో." అత్తయ్య సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మామగారు భార్య మోకాళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఏదో వెలిగింది. ఆ వారమంతా పాత స్నేహితులకి ఫోన్లు చేసి, "అసలు ఆసుపత్రి వ్యాపారం కిటుకు ఎక్కడుందో తెలుసా? తేదీ రాసుకుని చేసే ఆపరేషన్లలో!" అని తానే కనిపెట్టినట్టు ఊదరగొట్టారు. కోడలు పక్కగదిలో ఉండి అంతా వింది. పోనీలే, ఎలాగో ఒకలా ఎక్కిందిగా అనుకుంది. అక్కడే ఆమె పప్పులో కాలేసింది.

జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, థియేటర్లు తెరుస్తున్నాం, ఆగిపోయినవాళ్ళకి వరసగా తేదీలిస్తున్నాం, ఈ వారంలో సొమ్ము కడితే వచ్చే వారమే అని. అత్తయ్య మంచం కింద నుంచి చెప్పులు చీపురుతో బయటికి లాక్కుంది.

"ఇప్పుడా?" అన్నారు మామగారు. "ఇప్పుడు అమ్మితే మనంత తెలివితక్కువవాళ్ళు ఉండరు. ఇన్నాళ్ళూ ఆగిన మోకాళ్ళన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. గిరాకీయే గిరాకీ! షేరు లేచి కూర్చుంటుంది. అప్పుడు అమ్మి రెండు కాళ్ళూ దర్జాగా చేయిద్దాం. ఏమ్మాయ్, నువ్వు చెప్పిందేగా? మోకాళ్ళలోనే లాభం అన్నావుగా?"

"మరి ఆ మోకాళ్ళలో నావి లేవా?" అంది అత్తయ్య.

"నీవి తర్వాత. ముందు అందరివీ అవనీ."

కోడలు తల పట్టుకుంది. ఏం చెప్పాలి? ఈసారి ఆయన లెక్క తప్పు కాదు. షేరు లేస్తుందని తనకీ తెలుసు. కానీ ఎప్పటికి లేస్తుంది? వారానికా, ఆరు నెలలకా? అంతవరకూ ఈవిడ ఆ కాళ్ళు చేత్తో ఎత్తి ఎత్తి కింద పెట్టుకోవాలా? తను చెప్పిన నిజమే ఇలా వచ్చి అత్తయ్య మీద పడుతుందని కలలో కూడా అనుకోలేదు. ఆ రాత్రి మొగుడితో "మీరైనా చెప్పండి" అంటే, "నాన్నకి మనం చెప్పేదేముంది?" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు బజారు తెరవగానే రెండో లైను మోగింది. హాల్లోంచే. అత్తయ్య పేరు చెప్పింది, పుట్టినరోజు చెప్పింది. మామగారు అందుకుని, ఖాతాలో ఎప్పటివో కొన్ని సబ్బుల కంపెనీ షేర్లున్నాయని, అవి అమ్మేసి ఆ డబ్బుకి కూడా ఆసుపత్రివే కొనమన్నారు. "సబ్బుల పని అయిపోయిందిక. ఇప్పుడు మోకాళ్ళ కాలం," అన్నారు హుషారుగా.

ఆమె తెరవైపు చూడలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి హాల్లోకి చూసింది. ఆయన ఫోన్ భార్య చేతికిస్తున్నారు, అవునను అని తల ఊపుతూ.

"అమ్మా, సబ్బుల కంపెనీ షేర్లు అమ్మి, ఆసుపత్రి షేర్లు కొనమంటున్నారు. ఖాయమేనా?"

అత్తయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "అను" అన్నారు మామగారు. ఆవిడ తన మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుంది.

"కాదమ్మా," అంది. "సబ్బులవీ అమ్మెయ్. ఆసుపత్రివీ అమ్మెయ్. అన్నీ అమ్మెయ్."

"ఏయ్, ఏంటది? నీకేం తెలుసని? అమ్మాయ్, కొట్టకు! ఆవిడ మాట పట్టించుకోకు!" మామగారి గొంతు గుమ్మంలోంచీ చెవిలోంచీ రెండుసార్లు పడింది.

అదే క్షణంలో ఆమెకి నోటిదాకా వచ్చిన మాట ఇంకొకటుంది. అత్తయ్యా, ఆసుపత్రివి ఇంకొన్నాళ్ళు ఆగితే పెరుగుతాయి, సగమైనా ఉంచండి అని. ఆ మాట నిజం. ఆ నిజాన్ని మింగేసింది. ఫోన్లో ఉన్నది ఖాతాదారు, ఖాతాదారు మాటే ఆర్డరు.

"అమ్మా, మీ ఖాతాలో ఉన్న షేర్లన్నీ, ఇప్పుడున్న ధరకి, అమ్మమంటున్నారు. ఖాయమేనా?"

"అవును."

కొట్టేసింది.

వచ్చిన డబ్బు ఒక మోకాలుకి సరిపోయింది. ఇంకొంచెం మిగిలింది కానీ రెండోదానికి దరిదాపుల్లో లేదు. కౌంటర్లో అమ్మాయి "ఏ కాలు చేయించుకుంటారండీ?" అని, కూరగాయలు ఏరమన్నంత తేలిగ్గా అడిగింది. మామగారు నోరు తెరవబోయారు. "కుడిది," అంది అత్తయ్య ఆయనకంటే ముందే. "మెషిను దగ్గర ముందు అదే పోయింది." కోడలు పక్కన నిలబడి ఆ మాట విని, ఆఫీసు మీదా, బజారు మీదా, మామగారి మీదా, మొగుడి మీదా, మొదటిరోజు ఫోన్ పెట్టేయకుండా, అత్తయ్య అవునన్నందుకు కొట్టేసిన తన వేళ్ళ మీదా ఒకేసారి మండిపడింది. మండిపడి చేసేదేముంది? సంతకం పెట్టి డబ్బు కట్టింది.

మామగారు కోడలితో మాట్లాడటం మానేశారు. షేరుతో మాత్రం మానలేదు. రోజూ మధ్యాహ్నం టీవీ పెట్టి ఆ ఆసుపత్రి ధర గట్టిగా పైకి చదివేవారు. అది లేస్తోంది. మూలన పడ్డ మోకాళ్ళన్నీ వచ్చి పడ్డాయి, కంపెనీ లెక్కలు మెరుగయ్యాయి, గాజుగదుల్లోవాళ్ళు కొనండి కొనండి అన్నారు. ఆయన చెప్పినట్టే, అక్షరాలా.

ఒకరోజు ఆయన కాగితం మీద లెక్క వేసుకుని హాల్లోకి వచ్చారు. అత్తయ్య డాక్టరు చెప్పిన నడక నడుస్తోంది. కుడికాలు నెమ్మదిగా, తిన్నగా పడుతోంది. ఎడమకాలు పాతకాలులాగే ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఇవాళ అమ్మి ఉంటే," అన్నారు, "రెండు కాళ్ళూ అయ్యేవి. పైన ఇంకా మిగిలేది. తొందరపడి అమ్మేశావు. కావాలంటే నీ కోడల్ని అడుగు."

అత్తయ్య గోడ పట్టుకుని ఆగింది. పడకగదివైపు చూసింది.

"నిజమేనా అమ్మాయ్?"

బజారు మూసేశారు. ఫోన్ పక్కన పెట్టేసి ఉంది, ఏదీ రికార్డవడం లేదు. ఏం కావాలంటే అది చెప్పొచ్చు. అబద్ధం కూడా చెప్పొచ్చు. పొద్దున తెర మీద ఆ ధర చూసినప్పుడే ఆమె కూడా అదే లెక్క వేసుకుంది, వేసుకుని ఎవరికీ చెప్పలేదు.

"నిజమే అత్తయ్యా," అంది.

"ఊఁ," అంది అత్తయ్య. కాసేపు మొగుడి చేతిలోని కాగితంవైపు చూసింది. "ఇన్నాళ్ళూ రెండు కాళ్ళ నొప్పీ నేను పడి ఉండాలిగా మరి, అది ఎంతకి కట్టారు అందులో? ఏ వరసలో వేశారు, చూపించండి."

మామగారు కాగితం వైపు చూసుకున్నారు. నిజంగానే వెతుకుతున్నట్టు పైనుంచి కిందికి చూసుకున్నారు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కుడికాలు ముందుకి వేసి, ఎడమకాలు చేత్తో పట్టుకుని, దాన్ని కూడా ముందుకి తెచ్చుకుంది.